చదవడం వచ్చు, అర్థం కాదు: ఇంగ్లిష్ పఠన సాధనపై వాదాలు ఎక్కడిదాకా వచ్చాయి?

గ్రామీణ ప్రాంతాల్లోని 14–18 ఏళ్ల పిల్లల మీద, విద్యాస్థితిపై సర్వేలు చేసే అసర్ బృందం 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో సర్వే చేసింది. వాళ్లలో ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతం. చదివిన వాక్యానికి అర్థం చెప్పమంటే, ఆ చదవగలిగిన పిల్లల్లోనూ సుమారు నాలుగింట మూడు వంతుల మందే చెప్పగలిగారు. మిగిలిన పావు వంతు మందికి నోరు తిరిగింది గానీ విషయం అందలేదు. సర్వేలో చదివించినవి తేలికపాటి చిన్న వాక్యాలే. పేరాలు, పేజీలు, పుస్తకాల దాకా వెళ్తే ఆ పావు వంతు ఎంతకు పెరుగుతుందోనని భయం వేస్తుంది.

ఈ లోటు పూడ్చే సాధన ఏదని అడిగితే చోటుకో జవాబు వస్తుంది. రోజుకు పది పదాలు మీనింగ్స్‌తో సహా నోట్సులో రాసుకోమని లెక్చరరు అంటారు. కోచింగ్ సెంటరు ప్యాసేజీలు, వాటి కింద ప్రశ్నలు ముందు పెడుతుంది. ఇంగ్లిష్ పేపరు రోజూ చదివితే అదే వస్తుందని ఇంట్లో పెద్దలు చెబుతారు. తెలుగు అర్థం చూడనే కూడదని ఒకరు, చూడకపోతే ఎలా తెలుస్తుందని మరొకరు. మామూలు సలహాల్లా వినిపించే ఈ మాటల్లో ప్రతిదాని వెనుకా దశాబ్దాల పరిశోధన, వాదోపవాదాలు ఉన్నాయి. వాటిని వరుసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటుంది. ఎవరికి, ఏ దశలో అన్న ప్రశ్నను పక్కన పెట్టడం వల్లే ఈ తగాదాల్లో చాలా భాగం ఇన్నాళ్లు సాగింది.

ఢాకాలో మొదలైన లెక్క

19వ శతాబ్దపు మన బడుల్లో ఇంగ్లిష్ చదవడమంటే వ్యాకరణం వల్లించడం, పంక్తి పంక్తికీ తెలుగు చెప్పుకోవడం. 1850ల నాటికి సి.పి. బ్రౌన్ నిఘంటువులు వచ్చాయి. మెకాలే 1835లో రాసిన మినిట్ తర్వాత ఉద్యోగానికి ఇంగ్లిష్ మెట్టు అయింది. అయినా ఆ భాషలో చదివించడం ఎలా అన్నదాన్ని శాస్త్రంగా పట్టించుకున్నవాళ్లు చాలా కాలం కనిపించరు.

పట్టించుకున్నవారిలో ముఖ్యుడు మైకేల్ వెస్ట్. ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. బెంగాలీ పిల్లల ద్విభాషా స్థితి మీద 1926లో ఆయన తెచ్చిన గ్రంథం ఇప్పటికీ చదవదగ్గది. బడిలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది మధ్యలోనే మానేస్తున్నారని ఆయన గమనించాడు. అలా మానేసిన పిల్లవాడి చేతిలో చివరికి ఏం మిగులుతుంది? బీమా పాలసీని మధ్యలో ఆపేస్తే వచ్చే సరెండర్ వాల్యూ అన్న మాటనే ఆయన చదువుకు వాడాడు. సగం నేర్చిన మాట్లాడటం పల్లెలో ఎందుకూ కొరగాదు. కొద్దిగానైనా చదవడం వస్తే జీవితాంతం పనికొస్తుంది. అందుకే ముందు చదవడం నేర్పాలని ఆయన వాదించాడు.

వెస్ట్ చేసిన రెండో పని ఇంకా పెద్దది. అప్పటి వాచకాల్లో పేజీకి మరీ ఎక్కువ కొత్త పదాలు వచ్చి పడుతున్నాయని, వాటిలో చాలా పదాలు అరుదైనవని చూపించాడు. కొత్త పదాలను పలచగా చల్లి, వచ్చిన పదాన్ని మళ్లీ మళ్లీ కనపడేలా వాచకాలు తిరగరాశాడు. అప్పటికే అమెరికాలో థార్న్‌డైక్ 1921లో 10,000 పదాల జాబితాను, ఏ పదం ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టి ప్రచురించాడు. వెస్ట్ 1935లో సుమారు 24,000 పదాలు, పదబంధాలకు కేవలం 1,490 పదాలతో అర్థాలు చెప్పే నిఘంటువు తెచ్చాడు. 1953లో సుమారు 2,000 పదాల ‘జనరల్ సర్వీస్ లిస్ట్’ వచ్చింది. మామూలు ఇంగ్లిష్ రచనలో దాదాపు 80 శాతం ఈ పదాలతోనే నిండి ఉంటుంది. నేటి అభ్యాసక నిఘంటువులకూ, పదాలను పరిమితం చేసి రాసే ‘గ్రేడెడ్ రీడర్ల’కూ ఆద్యులలో ఆయన ఒకడు. ఆ ఆలోచన మొలిచింది మన ఉపఖండంలోనే, పేద పిల్లల అవసరాన్ని చూసి. దాన్ని మనమే మరిచిపోయాం.

స్వాతంత్ర్యం తర్వాత గాలి మారింది. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. ఇప్పుడు అది ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ). ఆ కాలంలో దేశమంతా వాక్య నిర్మాణాలను ఒక్కొక్కటిగా, ముందు నోటితో పలికించి నేర్పే పద్ధతి రాజ్యమేలింది. చదవడం వెనక్కి వెళ్లింది. నిర్మాణాలను వల్లిస్తే భాష రాదని, అర్థంతో పని ఉన్న సమస్యలు ఇస్తే వస్తుందని ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా 1979 నుంచి 1984 వరకు ప్రయోగం చేశారు. దాని ప్రభావం ప్రపంచమంతా పాకింది. మన బడుల్లో మాత్రం పరీక్షల పట్టు సడలలేదు.

ఊహించు, ముందుకు సాగు

1967లో కెన్నెత్ గుడ్‌మన్ చదవడాన్ని మనసు ఆడే ఊహల ఆటగా వర్ణించాడు. మంచి చదువరి ప్రతి అక్షరాన్నీ పట్టి చూడడని, సందర్భాన్ని బట్టి ముందే ఊహించుకుని, ఆ ఊహ సరైనదో కాదో మాత్రమే చూసుకుంటాడని ఆయన వాదన. 1971లో ఫ్రాంక్ స్మిత్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. “తెలియని పదం దగ్గర ఆగొద్దు, సందర్భాన్ని బట్టి ఊహించు” అని ఈనాటికీ పుస్తకాల్లో కనిపించే సలహాకు ఊపు ఇక్కడినుంచే వచ్చింది.

తర్వాత స్టీఫెన్ క్రాషెన్ వచ్చాడు. నేర్చుకునేవారి స్థాయికి ఒక్క మెట్టు పైన, అర్థమయ్యే భాష సమృద్ధిగా అందితే చాలని, పదజాలం కూడా ఇష్టంగా చదువుతూ పోతే దానంతటదే చేరుతుందని ఆయన సిద్ధాంతం. ఈ వర్గానికి గట్టి సాక్ష్యం ఫిజీ నుంచి వచ్చింది. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అక్కడి గ్రామీణ బడుల్లో 4, 5 తరగతులకు సుమారు 250 బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చారు. ఎనిమిది నెలల్లో ఆ పిల్లల పఠనావగాహన మామూలు వేగానికి రెట్టింపు వేగంతో పెరిగింది. రెండో ఏడాదికి ఆ మేలు రాయడానికీ, వ్యాకరణానికీ కూడా పాకింది. 1983లో వచ్చిన ఈ ఫలితాలను కాదనడం కష్టం. ఫిజీ పిల్లలకు ఇంటి భాష ఇంగ్లిష్ కాదు. బడులు పేదవి. మన పరిస్థితికి ఇంత దగ్గరగా ఉన్న ప్రయోగాలు తక్కువ.

ఊహ సిద్ధాంతం మాత్రం నిలబడలేదు. చూపు కదలికలను కొలిచే పరికరాలు వచ్చాక, నేర్పరులైన చదువరులు కీలకమైన పదాల్లో ఎక్కువ భాగాన్ని నిజంగానే చూస్తారని తేలింది. సందర్భం మీద ఎక్కువగా ఆధారపడేది పదాన్ని వేగంగా గుర్తుపట్టలేని బలహీన చదువరేనని 1980లో కీత్ స్టానొవిచ్ చూపించాడు. సహజమైన రచనల్లో సందర్భం ఒక్కోసారి ఏ సాయమూ చేయకపోగా తప్పుదారి పట్టిస్తుందని 1983లో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకౌన్ తదితరులు నిరూపించారు. గఫ్, టన్మర్ 1986లో దీన్నంతా ఒక చిన్న లెక్కగా కుదించారు. అక్షరాలను పలుకుగా మార్చే నేర్పును భాష తెలియడంతో గుణిస్తే వచ్చేది అవగాహన. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. అసర్ సర్వేలో కనిపించిన పావు వంతు పిల్లల కథ ఈ గుణకారంలోనే ఉంది.

ఈ రెండు వర్గాల మధ్య నాకు నచ్చిన ప్రశ్న 1984లో చార్ల్స్ ఆల్డర్సన్ వేశాడు. పరాయి భాషలో చదవలేకపోవడం చదవడం రాకపోవడమా, భాష రాకపోవడమా? రెండూనని, అయితే తొలి దశల్లో భాషే పెద్ద అడ్డంకి అని ఆయన తేల్చాడు. తెలుగులో నవలలు చకచకా చదివే మనిషి ఇంగ్లిష్ పేజీ ముందు తడబడితే లోపం చదివే నేర్పుది కాదు. ఆ నేర్పు ఇంగ్లిష్‌లోకి దిగడానికి కొంత భాష ముందుగా ఉండాలి.

నూటికి ఎన్ని తెలిస్తే చాలు?

ఎంత భాష ఉండాలన్నది లెక్కల వర్గం చేతికి చిక్కిన ప్రశ్న. ఇజ్రాయెల్‌కు చెందిన బాట్యా లాఫర్ 1989లో, పేజీలోని పదాల్లో 95 శాతం తెలిస్తే ఓ మోస్తరు అవగాహన సాధ్యమని చెప్పింది. 2000లో హు, పాల్ నేషన్ 66 మందితో ఒక కథ చదివించారు. 80 శాతం పదాలే తెలిసినప్పుడు ఎవరికీ సరిగా అర్థం కాలేదు. 95 శాతం దగ్గర కొందరికే అర్థమైంది. సాయం లేకుండా హాయిగా చదవడానికి 98 శాతం కావాలని వాళ్లు అంచనా వేశారు.

ఈ అంకెల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 300 పదాల పేజీలో పెట్టి చూద్దాం. 95 శాతం అంటే పేజీకి 15 తెలియని పదాలు, దాదాపు రెండు పంక్తులకు ఒకటి. 98 శాతం అంటే ఆరు. 90 శాతానికి దిగితే 30. ఊహించి ముందుకు సాగమన్న సలహా ఆరు పదాల పేజీలో పనిచేస్తుంది. 30 పదాల పేజీలో ఊహకు ఆధారమిచ్చే చుట్టుపక్కల పదాలు కూడా తెలియనివే. సలహా తప్పు కాదు, ఇచ్చిన చోటు తప్పు.

98 శాతం చేరడానికి 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని నేషన్ 2006లో లెక్కగట్టాడు. మూలపదం, దానికి ముందూ వెనకా ప్రత్యయాలు చేరి వచ్చే రూపాలు కలిపితే ఒక పదకుటుంబం. కళాశాల పాఠ్యపుస్తకాలు చదివేవారికి దగ్గరి దారిగా ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పదకుటుంబాల జాబితా ఇచ్చింది. శాస్త్ర, సామాజిక, వాణిజ్య గ్రంథాల్లో సుమారు 10 శాతం ఈ పదాలదే. డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలోకి అడుగుపెట్టే తెలుగు విద్యార్థికి ఇంతకంటే లాభసాటి జాబితా నాకు కనిపించలేదు. మన దగ్గర మాత్రం దీనికి దక్కిన ప్రచారం అరుదైన పదాల గైడ్లకు దక్కినదాంట్లో కొంచెమైనా లేదు.

ఈ వర్గంపై రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. ష్మిట్, జియాంగ్, గ్రేబ్ 2011లో ఎనిమిది దేశాల్లోని 661 మందిని పరీక్షిస్తే, తెలిసిన పదాలు పెరిగేకొద్దీ అవగాహన దాదాపు సరళరేఖలో పెరిగింది. ఫలానా శాతం దాటగానే తలుపు తెరుచుకుంటుందన్న భావనకు అక్కడ బలం దొరకలేదు. రెండోది పదకుటుంబం గురించి. మూలపదం తెలిసినవాడికి ప్రత్యయాలు చేరిన రూపాలన్నీ తెలిసినట్టేనా? కాదని జపాన్ విద్యార్థులపై జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. అదే నిజమైతే నేర్చుకోవలసినది ఆ 8,000 కంటే చాలా ఎక్కువ.

పదం ఎలా నిలుస్తుంది?

ఇక్కడే తగాదా బాగా వేడెక్కింది. చదువుతూ పోతే పదాలు వాటంతట అవే వస్తాయా, కూర్చుని నేర్చుకోవాలా?

చదివేవారి పక్షం మొదట ఒక లెక్క చూపిస్తుంది. అమెరికా బడి పుస్తకాల్లో 88,000కు పైగా పదకుటుంబాలున్నాయని నాగీ, ఆండర్సన్ 1984లో అంచనా వేశారు. ఇన్నిటిని ఏ టీచరూ నేర్పలేరు, పిల్లలు చదివే నేర్చుకుని ఉండాలి. తర్వాతి పరిశోధన ఇంకో సంగతి చూపింది. ఒక పదం ఒక్కసారి ఎదురైతే అది మనసులో నిలిచే అవకాశం చాలా తక్కువ. ఇంగ్లిష్ గాలిలో పెరిగే పిల్లలు ఏటా లక్షల పదాలు చదువుతారు కాబట్టి ఆ చిన్న అవకాశమే పెద్ద మొత్తంగా పేరుకుంటుంది. వారానికి మూడు పేజీలు చదివే మన విద్యార్థికి అలా పేరుకోదు.

జపాన్‌లో వేరింగ్, టకాకి 2003లో చేసిన ప్రయోగం ఆశావాదులను కలవరపెట్టింది. తేలిక పుస్తకంలో 25 కొత్త పదాలు చదివినవారు మూడు నెలల తర్వాత సగటున ఒక్క పదానికే అర్థం చెప్పగలిగారు. స్టూవర్ట్ వెబ్ 2007లో ఒకే పదాన్ని పదిసార్లు వేర్వేరు సందర్భాల్లో చూపించాడు. పది ఎదురుపాట్ల తర్వాత కూడా పదం గురించిన పూర్తి జ్ఞానం రాలేదు, అయితే ప్రతి ఎదురుపాటూ కొంత కలిపింది. అర్థం చెప్పగలగడం ఒక్కటే పదం తెలియడం కాదు. స్పెల్లింగ్, పలుకు, అది ఏ పదాల పక్కన వస్తుంది, ఎక్కడ వాడకూడదు అన్నవన్నీ అందులో భాగమే. వాటిని ఏ జాబితా ఇవ్వలేదు.

బట్టీ పక్షానికి కూడా మంచి శాస్త్రమే ఉంది. మరుపు ఎంత వేగంగా వస్తుందో ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచాడు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో పదాల అట్టముక్కలను అరలుగా విడగొట్టి, వచ్చినవాటిని అరుదుగా, రానివాటిని తరచుగా తిప్పి చూసే పెట్టెను ప్రచారంలోకి తెచ్చాడు. 2006లో వచ్చిన ఆంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అదే సూత్రాన్ని ఫోనుల్లోకి తెచ్చింది. రోడిగర్, కార్పికి 2006లో ఇంకో ముఖ్యమైన సంగతి చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవారు వారం తర్వాత బాగా చెప్పారు. నోట్సులో పదాల వరుస రాసుకుని దాన్నే పదిసార్లు చదివే మన అలవాటు, శ్రమ ఉన్నా, ఫలితం తక్కువ ఇచ్చే దారి. అర్థం మీద చెయ్యి అడ్డం పెట్టి గుర్తు తెచ్చుకుంటే అదే శ్రమకు ఎక్కువ ఫలితం.

నార్మన్ లూయిస్ 1949లో రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ మన దేశంలో తరాలుగా అమ్ముడవుతోంది. లాటిన్, గ్రీకు ధాతువులను పట్టుకుని ఒక్కో కుటుంబాన్నీ నేర్పే పుస్తకమది. ధాతుజ్ఞానం పదకుటుంబాల అభ్యంతరానికి కొంత జవాబు కూడా. కానీ ఆ పుస్తకం ఇంగ్లిష్‌నే ఇంటి భాషగా మాట్లాడే పెద్దల కోసం రాసింది. మొదటి 3,000 పదాలు గట్టిపడని విద్యార్థి చేతికి దాన్ని ఇవ్వడం తొందరపాటు. దశ ఒకటి, సాధన మరొకటి అయినప్పుడు జరిగే నష్టానికి ఇది మంచి ఉదాహరణ.

రెండు పక్షాలను కలిపి చూపిన మనిషి పాల్ నేషన్. చదవడం వినడం ద్వారా వచ్చేది, మాట్లాడటం రాయడం ద్వారా వచ్చేది, కూర్చుని నేర్చుకునేది, వచ్చినదాన్ని వేగం చేసుకునేది అని 2007లో ఆయన నాలుగు పాయలు చెప్పి, సమయాన్ని నాలుగింటికీ సమానంగా పంచమన్నాడు. ఆ సమాన పంపకం మీద నాకు అనుమానముంది. మొదటి 2,000 పదాలు లేనివారికి కూర్చుని నేర్చుకోవడం ఎక్కువ ఉండాలి. ఆ తర్వాత చదవడం చాలా ఎక్కువ ఉండాలి.

తెలుగు అడ్డమా, ఆసరానా?

ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినపడకూడదన్న నియమానికి పునాది వందేళ్ల కిందటి డైరెక్ట్ పద్ధతి. మాతృభాషలో అర్థం చూస్తే మనసు అనువాదానికి అలవాటుపడి ఇంగ్లిష్‌లో ఆలోచించదని ఆ వాదన. పదాల విషయంలో సాక్ష్యం దీనికి ఎదురుగా ఉంది. పాఠం పక్కన ఇచ్చే చిన్న అర్థాలపై జరిగిన అనేక ప్రయోగాలను 2020లో యనగిసావా, వెబ్, ఉచిహారా కలిపి చూశారు. మాతృభాషలో ఇచ్చిన అర్థాలే నేర్చుకునే భాషలో ఇచ్చినవాటికంటే ఎక్కువ పదాలను నిలిపాయి. తొలి దశలో ఇంగ్లిష్–ఇంగ్లిష్ నిఘంటువు మాత్రమే చూడమనడం పిల్లవాడిని తెలియని పదం నుంచి తెలియని వాక్యంలోకి తోయడమే.

మరోవైపు వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పేసే గైడ్లు ఉన్నాయి. వాటితో విద్యార్థికి కథ తెలుస్తుంది, ఇంగ్లిష్ తెలియదు. పదానికి తెలుగు ఆసరా. పేజీ మొత్తానికి తెలుగు దొరికితే ఇంగ్లిష్ వైపు చూడాల్సిన పనే పోతుంది.

లిపి సంగతి విడిగా చెప్పాలి. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లలు తెలుగులో ఏ మాటనైనా పైకి చదవగలరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అలా నమ్మదగింది కాదు. అందుకే మన పిల్లలు కూడబలుక్కుని చదివే దశలోనే చాలాకాలం చిక్కుబడతారు, శక్తంతా పలుకుకే పోతుంది, అర్థానికి మిగలదు. అక్షరాలకు శబ్దాలు జతచేసి చదవడం నేర్పే ఫోనిక్స్ పాఠాలను అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో గట్టిగా సమర్థించింది. అయితే అక్కడి పిల్లలు పలికిన మాట అప్పటికే చెవికి తెలిసినది. మన పిల్లలు సరిగా పలికినా, ఆ మాట ఎన్నడూ వినలేదు. ఫోనిక్స్ ఒక్కటే ఇక్కడ సరిపోదు.

తెలుగా, ఇంగ్లిషా అన్న చర్చ రాజకీయాల్లోకి వెళ్లడం వల్ల బోధన ప్రశ్న మరుగున పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మీడియంపై 2019 నవంబరులో వచ్చిన 81వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మీడియం ఏది ఉండాలన్న దానిపై ఎంతో చర్చ జరిగింది. ఆ ఎదురెదురు పేజీలను పిల్లవాడు ఎలా చదవాలన్న దానిపై జరిగింది బహు తక్కువ.

ముందే తెలిసిన విషయం

పదాలన్నీ తెలిసినా పేరా అర్థం కాకపోవడం అందరికీ అనుభవమే. 1979లో స్టెఫెన్సెన్, జోగ్‌దేవ్, ఆండర్సన్ రెండు పెళ్లి ఉత్తరాలను అమెరికన్లతోనూ భారతీయులతోనూ చదివించారు. ఒకటి అమెరికా పెళ్లి, ఒకటి మన దేశపు పెళ్లి. ఎవరి పెళ్లి ఉత్తరాన్ని వాళ్లు వేగంగా చదివి, ఎక్కువ గుర్తుంచుకున్నారు. అమ్మమ్మ కట్టుకున్న పెళ్లి గౌనును మనవరాలు ధరించడం అక్కడ గౌరవం. భారతీయ చదువరికి ఆ దుస్తులు పాతబడి, ఫ్యాషన్ పోయినవిగా తోచాయి. భాష తెలిసినా లోకం తెలియలేదు. 1988లో రెక్ట్, లెస్లీ ఇంకా సూటిగా చూపించారు. బేస్‌బాల్ తెలిసిన బలహీన చదువరులు, ఆ ఆట తెలియని మంచి చదువరులకంటే బేస్‌బాల్ కథను బాగా అర్థం చేసుకున్నారు.

దీనిలో మనకు పనికొచ్చే సలహా ఒకటి సూటిగా ఉంది. క్రికెట్ మ్యాచ్ చూసినవాడు మర్నాడు దాని మీదే ఇంగ్లిష్ కథనం చదవాలి. తెలుగు పేపర్లో చదివిన వార్తనే ఇంగ్లిష్ పేపర్లో చదవాలి. ఒకే విషయం మీద కొన్నాళ్లు వరుసగా చదివితే అవే పదాలు మళ్లీ మళ్లీ తగులుతాయి. క్రాషెన్ కూడా దీన్ని చాలాకాలంగా సమర్థిస్తున్నాడు. పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదవమనే పాత సలహాకంటే తొలి దశలో ఇది ఎంతో మేలు.

ప్యాసేజీలు, పరీక్షలు

మన రాష్ట్రాల్లో చదివే సాధన పేరుతో ఎక్కువగా జరిగేది ప్యాసేజీ చదివి ప్రశ్నలకు జవాబు గుర్తించడమే. బ్యాంకు పరీక్షలు, క్యాట్, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ అన్నిటిలో అదే. కోచింగ్ దీన్ని మూడు మెళకువలుగా నేర్పుతుంది. ముందు ప్రశ్నలు చూడు, పైపైన చూస్తూ పో, కీలక పదాన్ని వెతుకు.

ఈ మెళకువలకు కొంత విలువ ఉంది. పాలింక్సర్, బ్రౌన్ 1984లో చూపినట్టు, చదువుతూ మధ్యలో ప్రశ్న వేసుకోవడం, సారాంశం చెప్పుకోవడం, సందేహం తీర్చుకోవడం అలవాటు చేస్తే వెనకబడిన పిల్లల అవగాహన పెరుగుతుంది. అయితే వ్యూహాలు కొద్ది కాలంలో నేర్చేసుకునేవి. వాటిని ఏళ్ల తరబడి తోమినా పదాలు పెరగవు. పైగా పరీక్ష కొలిచేది చదవడాన్నేనా అన్న అనుమానం పాతది. స్టూవర్ట్ కాట్జ్ బృందం 1990లో శాట్ ప్యాసేజీ ప్రశ్నలను ప్యాసేజీ లేకుండా ఇస్తే, విద్యార్థులు గుడ్డి అంచనాకంటే మెరుగ్గా జవాబులు పెట్టారు.

జీఆర్‌ఈ కథ మనవాళ్లకు మరీ దగ్గరిది. అమెరికా చదువుల కోసం బారన్స్ పుస్తకంలోని 3,500 పదాల జాబితాను బట్టీ పట్టినవారు తెలుగు ఇళ్లలో కోకొల్లలు. 2011 ఆగస్టులో ఆ పరీక్ష వ్యతిరేకపదాలు, సాదృశ్యాల ప్రశ్నలను తీసేసి, వాక్యంలో పెట్టి పదాన్ని అడగడం మొదలుపెట్టింది. జాబితా బట్టీ మాత్రం చాలాచోట్ల కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో టోఫెల్ నిర్వహించే సంస్థతో ప్రభుత్వ బడుల కోసం ఒప్పందం చేసుకుంది. పరీక్ష పెట్టే ఉత్సాహంలో సగం కథల పుస్తకాలు కొనడంలో ఉంటే బాగుండేది. ఫిజీలో పిల్లలను మార్చింది పుస్తకాలు. పిల్లలు ఎంత మారారో చెప్పడం వరకే పరీక్ష పని.

ఇంకా తేలనివి

పైన చెప్పిన సాక్ష్యంలో పెద్ద భాగం జపాన్, ఇజ్రాయెల్, న్యూజిలాండ్, అమెరికా తరగతి గదులది. అక్కడి విద్యార్థి చేతిలో స్థాయికి తగిన పుస్తకం ఉంటుంది. స్థాయి పుస్తకాలు మనకు దొరకకపోవు గానీ, వాటిలోని ఊళ్లు, వంటలు, బంధుత్వాలు పరాయివి. మన కథలను 1,000 పదాల పరిధిలో ఇంగ్లిష్‌లో రాస్తే పెళ్లి ఉత్తరాల ప్రయోగం చెప్పిన మేలు, వెస్ట్ చెప్పిన మేలు రెండూ ఒకేసారి దక్కుతాయా అన్నది పరీక్షించదగ్గ ప్రశ్న.

ఫోను సంగతీ తేలలేదు. 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా చదువరులను కలిపి చూసిన డెల్గాడో బృందం 2018లో, సమాచార రచనలు కాగితం మీద చదివినవారికే కొంచెం ఎక్కువ అర్థమవుతున్నాయని తేల్చింది. కానీ ఫోనులో పదం మీద వేలు పెడితే తెలుగు అర్థం వస్తుంది. ఆ వెసులుబాటు పై నష్టాన్ని మించుతుందా? వేలు పెట్టగానే వచ్చిన అర్థం అంతే వేగంగా మరిచిపోతామా? పేజీ మొత్తాన్నీ క్షణంలో తెలుగు చేసే యంత్రానువాదం వచ్చాక ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది.

నాకు అన్నిటికంటే తొందరగా తేల్చాల్సిందిగా కనిపించేది ఎదురెదురు పేజీల పాఠ్యపుస్తకం. అది ఇప్పటికే లక్షల మంది పిల్లల చేతుల్లో ఉంది. అదనపు ఖర్చు లేదు. తెలుగు పేజీ ముందు చదివి ఇంగ్లిష్ పేజీకి వెళ్లే పిల్లలకూ, ఇంగ్లిష్‌తో మొదలుపెట్టి ఆగిన చోట మాత్రమే తెలుగు వైపు చూసే పిల్లలకూ ఏడాది చివర పదాల్లో ఎంత తేడా వస్తుంది? 6వ తరగతి పిల్లవాడికి ఒక దారి, కూడబలుక్కునే 3వ తరగతి పిల్లకు మరో దారి మంచిదా? ఒక మండలంలోని బడులను రెండు జట్లుగా విడదీసి, జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పదపరీక్ష పెడితే మొదటి జవాబు వచ్చేస్తుంది. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు, హైదరాబాద్‌లోని ఇఫ్లూ కలిసి వచ్చే విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టగలిగిన పని ఇది.